సుంకులమ్మ చెప్పిన లెక్క

మా చిన్నప్పుడు ఎమ్మిగనూరు బడిలో... సారు బోర్డు మీద లెక్క రాసి ఇటు తిరిగేలోపు నా నోట్లోంచి జవాబు వచ్చేసేది! ఇరవై ఐదో ఎక్కం కూడా గడగడా అప్పజెప్పేదాన్ని. మగ్గం గుంతలో కూర్చునే మా నాయన, "మా పాపది లెక్కల తలకాయప్పా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకొనేవాడు. ఆ పేరు పోతే నాకింకేం మిగులుతుంది... అందుకే క్లాసులో వేరే ఎవరి జవాబు సరిపోయినా నాకు ఒళ్ళు మండేది.

ఎనిమిదిలో కొత్త సారు వచ్చారు. ఒకటి, మూడు, ఐదు, ఏడు... ఇలా బేసి సంఖ్యలు వరుసగా కూడుతూ పోతే నాలుగు, తొమ్మిది, పదహారు వస్తాయని బోర్డు మీద చూపించారు. అంటే రెండు రెళ్ళు, మూడు మూళ్ళు, నాలుగు నాలుగులు. "ఎప్పుడూ ఇట్లే వస్తాదా? ఎందుకు?" అన్నారు.

ఓస్, ఇంతేనా! మర్నాటికి యాభై బేసి సంఖ్యల దాకా కూడి, ఒక్క తప్పు లేకుండా రెండు పేజీలు నింపుకెళ్ళాను.

సారు చూసి నవ్వారు. "శానా బాగా కూడినావు పాపా. యాభై ఒకటోది తప్పిపోదని యాడ రాసిపెట్టి ఉండాది?"

యాభై ఒకటోది కూడా కూడి చూపిద్దామని పెన్ను తీశాను.

అప్పుడు లేచింది సుంకులమ్మ... కూలోళ్ళ పిల్ల, వెనక బెంచీ. ఏడో ఎక్కం దగ్గరే తడబడేది. సద్ది మూట విప్పి, ఆ గళ్ళ తువ్వాలు బల్ల మీద పరిచింది.

"ఈ మూల గడి ఒగటి సార్. దాన్ని చుట్టుకోని మూడు. మళ్ళా చుట్టుకోని ఐదు. ప్రతిసారీ ఆ కొసకొకటి, ఈ కొసకొకటి ఎక్కువైతాది... యాడిదాకా పోయినా చదరమే కదా సార్!"

సారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా రెండు పేజీలకు కొట్టలేదు.

ఆ తువ్వాలు నేసింది మా నాయన! పుట్టినప్పటి నుంచీ అలాంటి వాటితోనే మొహం తుడుచుకుంటున్నాను... నాకెందుకు కనపడలేదు? కుళ్ళుతో ఏడుపొచ్చింది. బయటికొచ్చాక సుంకులమ్మను పట్టుకున్నాను. "తువ్వాలు చూపిస్తే లెక్కైపోతాదా మే?" అంటే, పాపం, "కాదేమోలే మే" అంది.

టెన్త్‌తో సుంకులమ్మ చదువు ఆగిపోయింది. ఇప్పటికీ పత్తి చేలకు కూలికి పోతోంది. నేను లెక్కల టీచర్‌నయ్యాను. ఏటా బోర్డు మీద గళ్ళు గీసి ఇదే చెప్తాను. "భలే ఉండాది టీచర్, మీకెవరు చెప్పినారు?" అని పిల్లలు అడిగితే... "నాకే తట్టింది" అంటాను. పద్దెనిమిదేళ్ళుగా! ఆమె ఎండలో, నేను ఫ్యాన్ కింద... అయినా ఇంకా కుళ్ళే.

ఇప్పుడు కూడికలన్నీ ఫోనే చేసేస్తోంది... నా ఎక్కాలు ఎవరికీ అక్కర్లేదు. పిల్లలు నోరు తెరుచుకుని వినేది ఆ ఒక్క లెక్కే, అది నాది కాదు. సుంకులమ్మ పేరు నేను పైకి చెప్పడం ఇదే మొదటిసారి.

మీరూ ఎవరి తెలివినైనా మీదేనని చెప్పుకుంటూ ఉంటే... వాళ్ళ పేరు ఈ కథ కింద రాయండి.