లిదియా మేడం పంపిన వీడియో

ఆర్మూర్‌లో ఆపరేషన్ చేసే డాక్టర్ల పేర్లు బోర్డుల మీద పెద్దగా ఉంటాయి. మత్తు ఇచ్చే డాక్టరు పేరు ఎక్కడా ఉండదు. లిదియా మేడం పద్దెనిమిదేళ్లుగా స్కూటీ మీద మందుల సంచి పెట్టుకుని నాలుగు దవాఖానల మధ్య తిరుగుతోంది. ఒక్క చోట కుదురుగా పది నిమిషాలు కూర్చోగా చూసినవాళ్లు లేరు. టీ కూడా నిలబడే తాగుతుంది. ఏదైనా సందేహం వస్తే అడగడానికి పెద్ద డాక్టరు దగ్గర్లో లేరు కాబట్టి ఆమెకు ఫోనే గురువు.

ఆ గురువును కూడా అనుమానించే మనిషి మరి! వీడియో కనిపిస్తే చాలు, చెప్పేదెవరు, చెప్పి ఎన్నాళ్లయింది, ఏ ఆధారంతో చెప్తున్నారు అని ఆరా తీస్తుంది. లక్షల మంది చూశారంటే, "జాతరల గూడ లక్ష మంది ఉంటరు, అందరు డాక్టర్లేనా?" అని విసుక్కుంటుంది. అందుకే జిల్లా మత్తు డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో ఆమె మాటకు అంత విలువ. లిదియా పంపిందంటే చూసే పంపింది, అంతే.

ఆ మంగళవారం పొద్దున నర్సవ్వ కేసు. డెబ్బై దాటిన ముసలామె, తుంటి విరిగింది, గుండె బలహీనం. వెన్నులో సూది ఇస్తే బీపీ పడిపోవచ్చు. నరాల పక్కన మందు వేసి కాలు వరకే మొద్దుబార్చాలని లిదియా అనుకుంది. ఎంత వేయాలో తేల్చాలంటే బరువు కావాలి. కేసు షీటు మీద అరవై కిలోలని ఎవరో ఉజ్జాయింపుగా రాసి పడేశారు. విరిగిన కాలుతో కాంటా ఎక్కేదెట్లా?

"అరవై యాడికెల్లి వస్తది మేడం?" అన్నాడు కొడుకు నడిపయ్య. పసుపు మార్కెట్‌లో హమాలీ. "దినాం బస్తలు మోసే భుజం నాది. పొద్దుగాల అవ్వను ఎత్తుకొచ్చింది నేనే. నలభై గూడ లేదు. ముప్పై ఎనిమిది రాస్కోండ్రి."

హమాలీ భుజాన్ని శంకించే ధైర్యం ఆర్మూర్‌లో ఎవరికుంది? లిదియా అదే వేసుకుని లెక్క కట్టింది. కిలోకు రెండు మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే డెబ్బై ఆరు. ఎందుకైనా మంచిదని, పోయిన వారం తానే గ్రూపులో పెట్టిన వీడియో తెరిచింది. ఆ సూది గురించి అంత చక్కటి తెలుగులో చెప్పినవాడు ఆమెకు దొరకడం అదే మొదటిసారి. రెండు కేసుల మధ్య కాస్త చూసి, సంబరం పట్టలేక, "మస్తుంది, చూడుండ్రి" అని పంపేసింది.

ఇప్పుడు పద్నాలుగో నిమిషంలో ఆ తియ్యటి గొంతే అంటోంది: పెద్దవాళ్లెవరికైనా నలభై మిల్లీలీటర్లు, బరువుతో పనిలేదు. అతను చూపిస్తున్న మందులో నలభై అంటే రెండు వందల మిల్లీగ్రాములు! లిదియా పాఠ్యపుస్తకం తిరగేసింది, కొత్త మార్గదర్శకాలు వెతికి చూసింది. తన లెక్కే సరైంది. అంత మందు నర్సవ్వ ఒంట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి, గుండె ఆగిపోవచ్చు. వీడియో కింద ఆధారమని ఒక్క ముక్క లేదు.

అయ్యో దేవుడా! ముప్కాల్ దగ్గర చిన్న దవాఖానలో పనిచేసే జయరాజ్, "అక్కా, రేపు గదే సూది నేను గూడ వేస్తున్న" అని గ్రూపులో రాసింది నిన్ననే కదా!

ఫోన్ చేస్తే ఎత్తడు. మళ్లీ చేసింది. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ తనను తానే తిట్టుకుంది. లోకాన్నంతా దులిపేస్తావు గదా, ఇప్పుడేమైంది నీ తెలివి? చివరికి ఆ దవాఖాన కౌంటర్ నంబరుకు చేస్తే నర్సు సువర్ణ ఎత్తింది.

"సువర్ణా, ఉరుకు! జయరాజ్ సారు చెవికి పెట్టు ఫోను!"

కాసేపటికి జయరాజ్ గొంతు. "ఏందక్కా? సిరంజి చేతులనే ఉంది."

"ఎంత నింపినవ్?"

"నలభై మిల్లీలీటర్లు."

"వెయ్యకు! పేషెంటు బరువెంత?"

అటువైపు ఎవరినో అడుగుతున్న మాటలు. "నలభై రెండట."

"కింద పెట్టు. గా వీడియో తప్పు. ఎనభై నాలుగు మిల్లీగ్రాములు దాటొద్దు, నువ్వు నింపింది రెండు వందలు." లిదియాకు ప్రాణం లేచొచ్చింది, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది. "బరువు చూడకుంట మందు నింపుతరా? చదువుకున్నోనివేనా నువ్వు? ఒక్కసారన్న పుస్తకం తియ్యబుద్ధి కాలేదా?"

"నువ్వు పంపినవ్ గదక్కా," అన్నాడు జయరాజ్ మెల్లగా. "నువ్వు చూసినంక మల్ల నేను చూసుడెందుకు అనుకున్న."

లిదియా ఫోన్ పెట్టేసి గ్రూపు తెరిచింది. "గా వీడియో తప్పు, ఎవ్వరు వాడొద్దు" అని రాసి, పంపబోయి ఆగింది. కింద ఇంకో ముక్క కలిపింది: "నేను మొత్తం చూడకుంటనే పంపిన."