అందరూ నిన్నే చేరారట

కంటి ఆసుపత్రిలో ఆమెను అందరూ కంప్యూటరమ్మ అంటారు. కుదురైన మనిషి. కుదురైన మనుషులు తప్పు చేస్తే అదీ కుదురుగానే చేస్తారు, అదే వచ్చిన చిక్కు!

దాతల కళ్ల కోసం ఎదురుచూసేవాళ్ల వివరాలు ఆమె డేటాబేస్‌లో ఉంటాయి, మనిషికో వరుస చొప్పున. ముందు చేరినవాళ్లకే ముందు కన్ను. కానీ ఎవరెప్పుడు చేరారో అందులో ఎక్కడా లేదు. ఆ లెక్కంతా రిసెప్షన్ పెద్దావిడ బుర్రలో ఉండేది. ఆవిడ రిటైరయ్యాక కంప్యూటరమ్మ "చేరిన సమయం" అని ఒక గడి కలిపింది. ఖాళీగా ఉంటే ఇప్పటి సమయం వేసుకోమని యంత్రానికి చెప్పింది. కొత్తగా వచ్చేవాళ్ల కోసం చెప్పింది లెండి. యంత్రానికి పాతా కొత్తా ఏం తెలుసు? అందరికీ వేసేసింది.

మర్నాడు ఒక కన్ను వచ్చింది. "మొదట ఎవరు?" అన్నాడు డాక్టరు. తెర మీద చూస్తే అందరూ నిన్నే, ఒకే క్షణంలో చేరారు! ఆమె పాత కాపీ తెరిచింది. గడే లేని కాపీలో సమయం ఎక్కణ్ణుంచి వస్తుంది? పోనీ వరుస నంబర్లు చూద్దామంటే, నిరుడు రెండు శాఖలు కలిపినప్పుడు పేర్ల అక్షరక్రమంలో మళ్లీ వేసినవాయె.

పెద్దావిడకు ఫోన్ చేసింది.

"మొదట ఇద్దరొచ్చారమ్మా, ఒకే రోజు. ఒక దర్జీ ఆవిడ, మీ మామగారు. ఎవరు ముందో… అయ్యో, గుర్తు రావట్లేదే!"

పక్కనున్న నర్సు గొంతు తగ్గించింది. "మీ మామగారి పేరు రాసెయ్యక్కా, ఎవరు చూడొచ్చారు?"

ఆశ పుట్టలేదంటే అబద్ధం. అయినా దర్జీ ఆవిడకే ఫోన్ చేసి అడిగింది.

"నాకంటే ముందు ఓ పెద్దాయన ఉన్నాడమ్మా."

ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంటికి చేసింది.

"నాకంటే ముందు ఓ దర్జీ ఆవిడ ఉంది కదమ్మా," అన్నాడు మామగారు.

ఇదెక్కడి తిరకాసు! ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. "సరిగ్గా చెప్పండి మామయ్యా, ముందొచ్చింది ఎవరు?"

"నేనే. మిషన్ దగ్గర పని ఆగిపోయిందని ఆవిడ కంగారు పడుతుంటే నా చోటిచ్చాను. ఆవిడ పేరే ముందెక్కింది."

మరి చేరడమంటే మనిషి రావడమా, పేరెక్కడమా? ఆమెకు ఒక పట్టాన తేలలేదు.

"వచ్చింది ఒక్క కన్నే మామయ్యా," అంది.

"ఇచ్చిన చోటు మళ్లీ అడుగుతామా తల్లీ? ఆవిణ్ణి పిలువు. ఉంటాను."

ఉంటానన్నాడు గానీ ఫోన్ ఆగలేదు. ఆపే మీట కోసం ఆయన వేళ్లు తడుముకుంటున్న చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది.