నేను పెట్టని పేరు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ కట్టించిన తాయెత్తును స్నానానికి వెళ్ళినప్పుడల్లా విప్పి కిటికీలో పెట్టేవాణ్ణి. జ్వరం మాత్రతోనే తగ్గిందని వాదించి దెబ్బలు కూడా తిన్నాను. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, అప్పుడు కరెంటుందా, పక్కన ఇంకెవరున్నారు అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే మనిషిని. అందుకే ఇది మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏలూరు పవర్‌పేటలో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపుండేది. కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడు, కలిదిండి దగ్గర చెరువులున్న కృష్ణవేణి గారు నాకో పని చెప్పారు. ఆవిడకు నలభై అయిదేళ్ళుంటాయి. వాళ్ళకు మొదట్లో మూడు చెరువులు. సరస్సు వైపున్న ఉత్తరం చెరువు కొల్లేరు హద్దు లోపలికి వస్తుందని దాని గట్టు కొట్టేశారు. ఆ చెరువును ఆవిడ భర్తే స్వయంగా చూసుకునేవారు. మూణ్ణెల్లు తిరక్కుండానే ఆయన గుండెపోటుతో పోయారు.

ఇక మిగిలినవి తూర్పు చెరువు, పడమర చెరువు. ఆడమనిషి వల్ల కాదు, లీజుకిచ్చెయ్యమని మరిది రోజూ పోరు పెడుతున్నాడు. ఈ ఒక్క పంట పట్టుబడి దాకా, అంటే చేప పట్టి అమ్మే దాకా, తీసుకెళ్ళి చూపిస్తే ఆ నోరు మూతపడుతుందని ఆవిడ పట్టుదల.

చేపల చెరువులో అన్నిటికంటే పెద్ద భయం నీళ్ళలో ఆక్సిజన్ పడిపోవడం. వరసగా రెండు మూడు రోజులు మబ్బు పడితే చాలు, చేప ఊపిరాడక చచ్చి తేలుతుంది. అందుకని రెండు చెరువుల్లో రెండు ఆక్సిజన్ మీటర్లు దింపి, వాటి వైర్లు గట్టు మీది షెడ్డులో ఒక పాత కంప్యూటర్‌కు తెచ్చి కలిపాను. అంకె అయిదు దగ్గరుంటే నిశ్చింత. మూడు కంటే కిందికి దిగితే ప్రమాదం. కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ వేశాను. ఉచితం, పైగా వైరస్‌ల గోల లేదు.

ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పాలి. లినక్స్‌లో ప్రతి పరికరానికీ ఒక ఫైలుంటుంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఏమేం తగిలించి ఉన్నాయో చూసుకుని ఆ ఫైళ్ళను కొత్తగా తయారుచేసుకుంటుంది. ఆపగానే అవన్నీ పోతాయి. చిక్కేమిటంటే, ముందు నిద్రలేచిన మీటరుకు సున్నా నంబరు, తర్వాతి దానికి ఒకటి. ఒకసారి కరెంటు పోయి వచ్చాక ఈ నంబర్లు తారుమారయ్యాయి. తూర్పు చెరువులో తిప్పాల్సిన ఏరేటర్లను, అంటే నీళ్ళను చిలికి గాలి ఎక్కించే చక్రాలను, పడమర చెరువులో తిప్పారు. అదృష్టం బాగుండి చేప దక్కింది గాని నాకు తల కొట్టేసినట్టయింది.

దాంతో నంబర్లు వదిలేసి పేర్లు పెట్టాను. కంప్యూటర్ వెనక వైరు గుచ్చే ఈ పోర్టుకున్నది తూర్పు, ఆ పోర్టుకున్నది పడమర అని రెండే రెండు నియమాలు రాశాను. ఆ ఫైళ్ళు ‘చెరువు’ అనే ఫోల్డర్లో చేరతాయి. ఆ ఫోల్డర్లో ఏముంటే అది తెర మీద ఒక వరసగా కనిపిస్తుంది.

నెల తర్వాత ఒక ఉదయం కృష్ణవేణి గారు ఫోన్ చేశారు. “ఏవండీ కరీం గారూ, ఉత్తరం వచ్చిందండి,” అన్నారు.

ఏదో ఆఫీసు నుంచి వచ్చిందనుకున్నాను. చెరువుల గొడవలో అందరికీ నోటీసులు అందుతున్న రోజులవి. జాగ్రత్తగా దాచండి, వచ్చినప్పుడు చదివిపెడతానన్నాను. ఆవిడ సరేనండి అన్నారు. రెండు రోజుల తర్వాత కళ్ళజోడు కూడా జేబులో పెట్టుకుని వెళ్ళాను.

ఆవిడ కాగితమేమీ ఇవ్వలేదు. తెర చూపించారు. తూర్పు, పడమర, వాటి కింద మూడో వరస. ఉత్తరం. పక్కన నాలుగున్నర అంకె.

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను. కాని ఆ చుట్టుపక్కల లినక్స్ తెలిసినవాడు లేడు, షెడ్డుకు ఇంటర్నెట్ లేదు. వెనక్కి వెళ్ళి వైర్లు చేత్తో తడిమి లెక్కపెట్టాను. రెండే మీటర్లు. నియమాల ఫైలు తెరిస్తే నేను రాసిన రెండు లైన్లే ఉన్నాయి. ఈ పేర్ల కోసం డిస్కంతా వెతికించాను. తూర్పు దొరికింది, పడమర దొరికింది, ఉత్తరం ఎక్కడా దొరకలేదు. మూడుసార్లు ఆపి ఆన్ చేశాను. మూడుసార్లూ ఆ ఫైలు వచ్చింది. ఆ వేళకు అంకె మూడున్నర అయింది.

సాఫ్ట్‌వేర్లో ఏదో తప్పుందండి, పట్టించుకోకండి అన్నాను. ఆవిడ బయటికి చూశారు. మూడు రోజులుగా మబ్బు వదల్లేదు. తూర్పు, పడమర మాత్రం అయిదు దగ్గరే కదలకుండా ఉన్నాయి. మధ్యాహ్నం రెండు దాటేసరికి ఉత్తరం రెండుకు దిగింది.

“ఏరేటర్లు వేయించేస్తానండి,” అన్నారావిడ.

మీటర్లు బాగానే చూపిస్తున్నాయి, డీజిల్ దండగ అని అడ్డుపడ్డాను.

“మా ఆయన ముందు ఆ చెరువే చూసేవారండి. అందులో తగ్గిందంటే మిగతా రెండిట్లోనూ తగ్గినట్టేననేవారు. ఇప్పుడు చూసి చూడనట్టు ఎలా ఊరుకోనండి?”

చక్రాలు తిరగడం మొదలైన పావుగంటకే తూర్పు చెరువు మూలన చేప గుంపుగా పైకొచ్చి గాలి కోసం నోరు తెరవసాగింది. మీటర్లు పైకి లాగి చూస్తే రెండిటి మూతికీ నాచు దట్టంగా పట్టి ఉంది. అవి పాత అంకెలనే పట్టుకుని కూర్చున్నాయి. సాయంత్రానికి పక్కవాళ్ళ చెరువులో చేప చచ్చి తెల్లగా తేలింది. కృష్ణవేణి గారి చేప బతికింది. తర్వాత పట్టుబడి బాగా వచ్చింది. మరిది లీజు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంతవరకు నా తప్పు మీటర్లు కడగకపోవడమే. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

ఏ కారణం లేకుండా ఒక ఫైలు రావడం నాకు మింగుడు పడలేదు. ఆ రోజు నుంచి వారం తిరక్కుండా కంప్యూటర్‌ను ఏలూరు తెచ్చి, డిస్కు మొత్తం తుడిచేసి, అన్నీ మొదటి నుంచి వేశాను. తిరిగి పెట్టి ఆన్ చేస్తే రెండే వరసలు. ఇక ఆ బెడద లేదండి అని ఉత్సాహంగా చెప్పాను.

ఆవిడ తెర వంక చూశారు. “తీసేశారా?” అన్నారు.

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. నేనేం చేశానో నాకప్పుడర్థమైంది.

కంప్యూటర్‌ను మళ్ళీ షాపుకు తెచ్చి, ఆ ఫైలును తిరిగి రప్పించాలని ఎన్ని విధాలుగానో ప్రయత్నించాను. చివరికి అదే పేరుతో చేత్తో ఫైలు తయారుచేశాను. ఫైలైతే తయారైంది. చదవబోతే అలాంటి పరికరం లేదని జవాబు. వెనకాల మీటరు లేనప్పుడు రావలసిన జవాబు అదే. మరి ఆ రోజు నాలుగున్నర, మూడున్నర, రెండు అని అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలియదు. నాకంటే తెలిసినవాళ్ళను అడిగాను. వాళ్ళూ చెప్పలేకపోయారు.

అది మళ్ళీ రావడం లేదని వెళ్ళి చెప్పాను. “మీరేం చేస్తారులెండి. ఈసారి వస్తే మాత్రం తియ్యకండి,” అన్నారావిడ.

తియ్యనని మాటిచ్చాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ మీటర్లు కడగడానికి వెళ్ళాను. మళ్ళీ అది రాలేదు.