గొంతుకొక నంబరు

కొట్లో కౌంటరు దగ్గర సబ్బుపెట్టె మీది గీతలను చదివి మిషను బీప్‌మంటే చాలు, నాకు ప్రాణం కుదుటపడదు. వెనకవాళ్ళు విసుక్కున్నా సరే, బిల్లులో పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటే గానీ కదలను. ఈ జబ్బు నాకు అంటించింది మాణిక్యాంబగారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అమలాపురంలో ఒక మేడమీద రెండు గదుల్లో జానపద పాటల సీడీలు వేసే కంపెనీ ఆవిడది. నేను అట్టల మీద రాతలు దిద్దేదాన్ని. ఆవిడ టీ కూడా నడుస్తూనే తాగేవారు. చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేవి.

మా మొదటి సీడీలో పాడింది ఆత్రేయపురం సూరమ్మగారు. పూతరేకులు వేసుకుంటూ పాడుకునే మనిషి, కాస్త బొంగురు గొంతు. ఆవిడ నాట్లప్పటి ఊడ్పుల పాట ఎత్తుకుంటే మాణిక్యాంబగారు సైతం నిలబడిపోయేవారు. ఆ మరుసటేడు సూరమ్మగారి గొంతుకి ఆపరేషనైంది. మాట మిగిలింది, పాట పోయింది. తరవాత అవే పాటలను కీబోర్డు పెట్టి ఒక కుర్రగాయని చేత పాడించి, అంతర్వేది తీర్థానికొచ్చే జనానికి అమ్మాలని రెండో సీడీ చేయించాం.

కంప్యూటరు పనంతా శేషుది. బార్‌కోడంటే కంపెనీ ముద్ర అనుకున్నాడు మహానుభావుడు. మొదటి అట్ట మీది గీతలే దీనికీ అతికించేశాడు. ఫ్యాక్టరీ నుంచి సీడీల పెట్టెలు వచ్చాక మాణిక్యాంబగారు గమనించి అడిగితే, ఒక్కో పాట వెనక సీడీలో కనపడకుండా ఉండే రికార్డింగు కోడ్లు కూడా పాతవే వేశానని గొప్పగా చెప్పాడు.

“పాట అదే, కంపెనీ అదే కదండీ. మార్చడమెందుకండీ?”

“పాడిన మనిషి అదేనా శేషూ?” అన్నారావిడ. “సీడీ మారితే బార్‌కోడు మారాలి. గొంతు మారితే ఆ లోపలి కోడు మారాలి. ఇలా వదిలేస్తే రేపు సూరమ్మ పాట ఎక్కడ వేసినా ఆ కోడుని బట్టి ఆ పిల్ల పేరే వస్తుంది. ఆవిడ మళ్ళీ పాడలేదు కదా. ఉన్న పేరు కూడా మనమే తీసేస్తామా?”

తీర్థం వారంలోకి వచ్చేసింది. ఈసారికి అమ్మేద్దామండీ అని శేషూ నేనూ కాళ్ళావేళ్ళా పడ్డాం. వింటేనా! పెట్టెలన్నీ వెనక్కి పంపేశారు. కొత్త కోడ్లతో అవి తిరిగొచ్చేసరికి తీర్థం అయిపోయింది, ఆ దెబ్బతో కంపెనీ మూతపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు అంకెల కోసం ఇల్లు ముంచుకునేవాళ్ళుంటారా అని ఇంటికెళ్ళి ఏడ్చాను. ఆవిడ మాత్రం తాళం వేస్తూ ఒక్కటే చెప్పారు: “సూరమ్మకి తెలియనివ్వకు. బాధపడుతుంది.”

ఇప్పుడా పాటలన్నీ ఫోన్లలోకి ఎక్కాయి. సూరమ్మగారు పోయి చాలా కాలమైంది. మొన్న కువైట్ నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. “అక్కగారండీ, అమ్మ పాట దొరికిందండీ. కింద అమ్మ పేరే ఉందండీ,” అంది.

ఈ సంగతి చెప్పుకుందామంటే మాణిక్యాంబగారూ లేరు. ఏ కోడు నొక్కినా ఆవిడ పేరు రాదు. ఆ పేరు నేనే చెప్పుకుంటూ తిరగాలి.