యజమాని ఇచ్చిన లైబ్రరీ

పెన్సిల్వేనియాలో రైలు నెమ్మదించినప్పుడు నది అవతల పాత రాతి లైబ్రరీ కనిపించింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక ఉక్కు ఫ్యాక్టరీ యజమాని ఆ ఊరికి కట్టించి ఇచ్చాడని ఎక్కడో చదివాను. "ఎంత మంచి మనసో!" అన్నాను పక్కసీటులోని అమెరికన్ ముసలావిడతో.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "మంచి మనసా? మా ముత్తాత అతని కొలిమి ముందే పొద్దస్తమానం ఉడికిపోయాడు. కూలి తగ్గించొద్దని సమ్మె చేస్తే తుపాకులవాళ్లను పిలిపించి కాల్పించాడు. మా ముత్తాతకు కాలు పోయింది. ఆ తర్వాత పుస్తకాలిచ్చాడు. చదివే తీరిక ఎవరికుంది?" అంటూ కిటికీ తెర విసురుగా లాగేసింది.

ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్లకు మా కంపెనీలో సగంమందిని తీసేశారు. అదే వారం ఓనర్ పేరుతో పార్క్ ఓపెన్ చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం జేబుల్లోంచి చేతులు తీయలేదు.