సంతకం చోట బటన్

దరఖాస్తులో సంతకం కుడివైపు అడుగున ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసేవరకు నేను చూసిన ప్రతి దరఖాస్తులోనూ అది అక్కడే ఉంది. అందుచేత శామీర్‌పేటలోని మా కాలనీ సంఘానికి కార్యదర్శినయ్యాక, వేడుకల హాలు కోసం ఫోన్‌లోనే దరఖాస్తు చేసుకునే పేజీ తయారవుతున్నప్పుడు, "పంపు" అనే బటన్ కుడివైపు అడుగున ఉండవలెనని ఆదేశించాను.

ఆ పేజీ తయారుచేసినది మా కోడలు. ఆమె ఉద్యోగమే అది. పేరు, ఇంటి నంబరు, తేదీ నింపుతూ చూపు ఎడమ అంచు వెంబడే దిగుతుందని, కనుక చివరి గడి కిందనే "పంపు" ఉండాలని ఆమె వాదించింది. అక్కడ "తుడిచివేయి" ఉంచమన్నాను. తప్పు దిద్దుకొనే అవకాశం ముందు రావాలి, సమర్పణ ఆ తరువాత.

"మామయ్యా, ఫోన్ల కుడివైపుది తెర బయటికి పోతది. పక్కకు జరిపితేనే కనబడ్తది," అన్నది.

జరపవలెనని పేజీ పైభాగాన ఒక పేరా నిండా సూచన రాయించాను. సూచనలు చదివే అలవాటు సమాజంలో ఎంతగా తగ్గిపోయిందో అప్పటికి నాకు తెలియదు.

మా వీధి చివర బట్టలు కుట్టే దుకాణం నడిపే ఆవిడ రావల్‌కోల్ నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నది. కూతురి బిడ్డకు తొట్టెల చేయాలి. పసిదాన్ని తొట్టెలో వేసి పేరు పెట్టే ఆ వేడుకకు ఇల్లు చాలదు. పేజీ నింపి, తేదీ కిందనే కనిపించిన బటన్ నొక్కింది. రాసినదంతా మాయమైంది. ఆవిడ ఫోన్‌కు దండం పెట్టుకొని, వియ్యాలవారిని పిలవడానికి బయలుదేరింది.

తాను కోరిన రోజున హాలు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి కుటుంబానిదని నోటీసు బోర్డులో చూసి, ఆవిడ మా వరండాలోకి వచ్చింది.

"సారూ, నేను ఎప్పుడో ఇచ్చిన."

రాసినదంతా మాయమైతే అనుమానం రాలేదా అని అడిగాను.

"అనుమానమెందుకు సారూ? ఆఫీసు కిటికీల కాయితం ఇస్తె లోపలికి గుంజుకుంటరు. మల్ల మన చేతికి రాదు. గట్లనే తీసుకున్నరనుకున్న. చేతులనే ఉంటె గద పరేషాన్."

ఈ తర్కంలో లోపం కోసం చాలాసేపు వెతికాను. నా పాఠశాల కార్యాలయం కిటికీ సరిగ్గా అలాగే పనిచేసేది. ఇంతలో మా కోడలు టీ తెచ్చి, కప్పును నా ఎడమచేతి వైపు పెట్టింది.

"అల్లునోళ్లకు హాల్ల జేస్తున్నమని చెప్పిన. ఇగ వాళ్లను మిషిను మీద కూసోబెట్టాల్నా?" అన్నది ఆవిడ.

బ్యాంకు ఉద్యోగి ఇంటికి నేనే వెళ్లాను. వారి పిల్లవాడి పుట్టినరోజు వేడుక సాయంత్రమేనట.

"పొద్దున వాళ్లని చేసుకోమనండి, మాకేం అభ్యంతరం? కాకపోతే ఒక రోజుకి ఒకే కుటుంబం అన్న రూలు మీదే కదా, మాస్టారూ," అన్నాడు నవ్వుతూ.

ఆ నిబంధనను ఆ సాయంత్రమే సవరించాను. అయినా దరఖాస్తు లేనిదే కేటాయింపు లేదు. మా కోడలు "తుడిచివేయి" తీసివేసి, దాని చోట "పంపు" పెట్టింది. నా అనుమతి ఆ తరువాత అడిగింది.

ఆవిడ మా వరండాలోనే కూర్చొని మళ్లీ నింపి నొక్కింది. "అందింది" అని పచ్చని అక్షరాలు వచ్చాయి. నింపినవి మాత్రం అలాగే ఉన్నాయి.

"సారూ, గిది పోలే. ఇంక గీడనే ఉన్నది."

అందిందని చెప్పాను. నమ్మక మళ్లీ మళ్లీ నొక్కింది. నొక్కినప్పుడల్లా నా జేబులోని ఫోన్ మోగింది.

చివరకు ఒక తెల్లకాగితం మీద అదే రాసి, కుడివైపు అడుగున ఆవిడ చేత సంతకం చేయించాను. లోపలి గదిలోకి వెళ్లి, కిటికీలోంచి చేయి చాచి, ఆ కాగితాన్ని లోపలికి లాక్కున్నాను. అప్పుడు ఆవిడ నిశ్చింతగా లేచి, మిగిలిన పిలుపులకు బయలుదేరింది.