శనగబద్దంత అద్దం

ఫిలిప్ భవానీపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాడు. అది జీతం కోసం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చేసేదే అసలు పని: అరచేతిలో పట్టే బొమ్మ కార్లకు కొత్త ఒళ్లు తొడగడం. వెడల్పు మడ్‌గార్డులు, వెనక రెక్క, కిందికి వాలిన బంపరు, అన్నీ పుట్టీతో మలిచి, అచ్చు తీసి, అందులో రెజిన్ అనే ద్రవ ప్లాస్టిక్కు పోస్తాడు. ఆ వాసన పాపకు తగలకూడదని డాబా మీద మాస్కు పెట్టుకుని కలుపుతుంటే, పై ఫ్లోరు వాళ్లు నాటుసారా అనుకున్నారు. ఒకాయన వచ్చి సీసా ఎంతని కూడా అడిగాడు.

ఆ వారం పని పామర్రు కిరీటిది. తాతగారి అంబాసిడర్‌కు బొమ్మ నమూనా ఉంది, దానికి రేసుకారు హంగులు కావాలన్నాడు. రిటైరైన హెడ్మాస్టరుకి జిమ్ము బనియను తొడిగినట్టుంది గానీ, ఫిలిప్‌కి మాత్రం ముద్దొచ్చింది. రంగు ఆరిన ముక్కలన్నీ పేపరు మీద పేర్చి, జిగురు తేవడానికి లోపలికి వెళ్లొచ్చాడు. వచ్చేసరికి కుడివైపు సైడు అద్దం లేదు. శనగబద్దంత ఉంటుంది. పేపరు పక్కన పద్నాలుగు నెలల కూతురు చిన్ని కూర్చుని తృప్తిగా పెదాలు చప్పరిస్తోంది.

నోట్లో వేలు పెట్టి వెతికితే దొరికింది నాలుగు పళ్ల కాటే. భార్య క్రిస్టినా మంచం కింద, ఫిలిప్ ఫ్రిజ్ కింద టార్చి వేశారు. తర్వాత డాక్టరు దగ్గరికి పరుగెత్తారు.

"దగ్గు, చొంగ ఏమైనా ఉన్నాయా? తింటోందా?"

"ప్రస్తుతం నా వేలు తింటోందండి."

"అయితే కడుపులోకి దిగుంటుంది. రెండు మూడు రోజుల్లో అదే వస్తుంది, డైపర్లు చూస్తుండండి. వాంతులైనా, కడుపుబ్బినా వెంటనే తెచ్చెయ్యండి."

"ఎక్స్‌రే తీస్తే?"

"ప్లాస్టిక్కు కనబడదు కదండీ. కెమిస్ట్రీ అన్నారు మీరే!"

ఇంటికొచ్చాక అత్తగారు సంపూర్ణమ్మ తీర్పు చెప్పింది. "మీ మామగారు చిన్నప్పుడు చొక్కా గుండీలు మింగేవారంట, అల్లుడుగారూ. అరటిపండు పెట్టి ప్రార్థన చేద్దాం."

"అరటిపండు చాలేమో, అత్తయ్యగారూ."

"ఆ కారు ముక్కలు పీక్కునే టైములో పిల్లని చూసుంటే అదీ అక్కర్లేదు."

మోకాళ్లూనారు. శనగబద్దంత అద్దాన్ని సుఖంగా బయటికి నడిపించమని సంపూర్ణమ్మ ప్రభువుకు వివరంగా చెప్పింది. పెళ్లయ్యాక ఫిలిప్ అంత గట్టిగా ఆమేన్ అన్నది అదే మొదలు.

మర్నాడు డైపర్ల పరీక్షకు అతను టీ జల్లెడ అందుకోబోతే సంపూర్ణమ్మ దాన్ని కొంగులో దాచేసింది. కొత్త జల్లెడ కొన్నాడు. సోమవారం రెండుసార్లు, ఏమీ లేదు. మంగళవారం టమాటా తొక్క. పేగులో ఎక్కడ ఇరుక్కుందో, అంచు పదునుగా ఉందేమో, తనే ఇసుకకాగితంతో రుద్దాడు గదా, సరిగ్గా రుద్దాడా? క్లాసు మధ్యలో క్రిస్టినాకి ఫోన్ చేసి, "వచ్చిందా? రంగేంటి?" అని అరిచాడు. ల్యాబులో రంగు మారే టైట్రేషన్ సంగతి కాబోలనుకుని ఇద్దరు పిల్లలు నోట్సులో రాసుకున్నారు.

బుధవారం పొద్దున జల్లెడలో టిక్కుమంది.

ఫిలిప్ బాత్రూం గచ్చు మీద కూలబడి ఏడ్చాడు. చిన్ని అతని నెత్తి మీద మగ్గుతో కొట్టింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, అద్దాన్ని కడిగి భూతద్దం కింద పెట్టాడు.

"క్రిస్టినా, చూడవే! పెయింటు ఇసుమంతైనా లేవలేదు!"

"ఏవండీ, అది గనక కారుకి అతికించారో, ఇక మీరు డాబా మీదే కాపరం."

పారేశాడు. కానీ ఆ రోజు నుంచి రెజిన్‌లో ఒక తెల్ల పొడి కూడా కలుపుతున్నాడు. కడుపుకి ఎక్స్‌రే తీసేముందు రోగులచేత తాగించే బేరియం పొడి. కిరీటి ముక్కలన్నీ కూడా దానితో మళ్లీ పోసి పంపాడు. అవి అందాక కిరీటి ఫోన్ చేశాడు.

"అంతా బాగుందండీ. ముక్కలేంటి, ఇంత బరువున్నాయి?"

"మింగితే ఎక్స్‌రేలో కనబడతాయండి."

అవతల ముక్కలు డబ్బాలో పెట్టేసిన చప్పుడైంది.

"నాకింకా పెళ్లే కాలేదండీ."

"మీరైనా సరే, జాగ్రత్తండి," అన్నాడు ఫిలిప్.